‘ఫ్రేమ్ పంపు దండగ’ అనే సందేశానికి జవాబు

రోడ్డు సైకిల్ కొన్నవారి ఫోనులోకి పది రోజులు తిరగకముందే ఒక సలహా వచ్చి చేరుతుంది. మొదట ఎవరు రాశారో తెలియదు గానీ, చేతులు మారుతూనే ఉంది. సైకిల్ ఫ్రేము గొట్టాల మధ్య బిగించుకుని వెంట తీసుకెళ్లే పొడుగు చేతిపంపును, అంటే ఫ్రేమ్ పంపును, అది కొట్టిపారేస్తుంది. దాని సారం ఇది: ‘ఫ్రేమ్ పంపు పాతకాలపు సామాను. జేబులో పట్టే చిన్న పంపు చాలు, దానిమీద 160 పీఎస్ఐ అని రాసి ఉంటే అది మంచిదే. ఇంకా భయముంటే టైరును ఒక్కసారికి నింపే చిన్న గ్యాస్ సీసాలు, అదే రెండు గ్యాస్ కార్ట్రిడ్జ్‌లు పెట్టుకోండి. ఈనాటి ఫ్రేములకు ఆ పొడుగు పంపు పట్టదు. ఎలాగూ దారిపొడవునా పంక్చర్ షాపులున్నాయి. పంపు పాడైతే పారేసి ఇంకొకటి కొనుక్కోవచ్చు.’ ఈ ఏడాది నాకు దీన్ని ముగ్గురు పంపారు. ముగ్గురూ ఇంతవరకు హైవేమీద ఒక్కసారైనా ట్యూబు మార్చనివాళ్లే.

ముందు ఆ 160 సంగతి చూద్దాం. పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత, చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లు అని. పెట్టెమీది అంకె పంపు సీళ్లు ఎంత ఒత్తిడికి తట్టుకుంటాయో చెబుతుందేమో గానీ, మీ చేతులు ఎంతకు తట్టుకుంటాయో చెప్పదు. పిస్టన్ వైశాల్యాన్ని ఒత్తిడితో గుణిస్తే నెట్టవలసిన బలం వస్తుంది. గొట్టం లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు అనుకుంటే, టైరులో 160 పీఎస్ఐ ఉన్నప్పుడు ఒక్కొక్క నెట్టుకు దాదాపు 35 కిలోల బరువు మోపాలి. రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, ఒక చేత్తో వాల్వ్ దగ్గర పట్టుకుని, రెండో చేత్తో 35 కిలోలు! ఒకటి రెండుసార్లు సాధ్యమే, పదోసారికి చెయ్యి మొరాయిస్తుంది.

అయినా అంత గాలి ఎవరికి కావాలి? 28 మిల్లీమీటర్ల టైరుమీద 70 కిలోల మనిషికి 70–80 పీఎస్ఐ సరిపోతుంది. టైరు రాయిలా ఉంటే వేగం పెరుగుతుందన్నది నున్నటి చెక్క ట్రాక్ మీద చెల్లుతుంది. మన తారు రోడ్డుమీద గట్టి టైరు ప్రతి గరుకుకూ ఎగిరిపడి, ఆ కుదుపు మీ వెన్నులో తేలుతుంది. పెద్ద పెద్ద పోటీల్లోని వృత్తి రైడర్లే 23 మిల్లీమీటర్లు వదిలి 28కి, అంతకన్నా వెడల్పుకు వెళ్లారు. కాబట్టి పంపు కొనేటప్పుడు ‘160 వరకు వెళ్తుందా?’ అని కాక, ‘80కి నన్ను ఎంత సుఖంగా చేరుస్తుంది?’ అని అడగాలి.

అసలు గొడవంతా రెండో మాటలో ఉంది, అదే ‘జేబులో పట్టే చిన్న పంపు చాలు’ అన్నది. ఇక్కడ కొంచెం లెక్క వేయక తప్పదు, ఓపిక పట్టండి. 28 మిల్లీమీటర్ల రోడ్డు టైరు లోపలి పరిమాణం సుమారు ఒకటింపావు లీటరు. దాన్ని 80 పీఎస్ఐకి నింపాలంటే బయటి గాలి దాదాపు 7 లీటర్లు లోపలికి పంపాలి. లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు, కదలిక (ఒక్క నెట్టుకు పిస్టన్ జరిగే దూరం) 100 మిల్లీమీటర్లు ఉన్న చిన్న పంపు ఒక్కసారి కొడితే పట్టే గాలి 20 మిల్లీలీటర్లే. అంటే కాగితం మీదే 350 సార్లు కొట్టాలి. వ్యాసం 20 మిల్లీమీటర్లు, కదలిక 350 మిల్లీమీటర్లు ఉన్న ఫ్రేమ్ పంపు ఒకసారికి 110 మిల్లీలీటర్లు పడుతుంది. దానితో 60కి కాస్త ఎక్కువ.

కాగితం మీది లెక్క కూడా చిన్న పంపును కాపాడుతున్న లెక్కే. టైరులో 80 పీఎస్ఐ ఉందంటే అక్కడి గాలి బయటి గాలికి దాదాపు ఆరున్నర రెట్ల ఒత్తిడిలో ఉన్నట్టు. పంపులోని గాలి కూడా అంతగా నలిగితేనే వాల్వ్ తెరుచుకుంటుంది. అంటే నెట్టుడులో చాలా భాగం గాలిని నలపడానికే ఖర్చయి, చివరి కొసలో మాత్రమే కొంచెం గాలి లోపలికి పోతుంది. దీనికి తోడు ప్రతి పంపులోనూ పిస్టన్ చేరలేని ఖాళీ ఒకటి ఉంటుంది: తలలోని సందులు, చిన్న గొట్టం లోపలి భాగం. ఆ ఖాళీ పంపు గొట్టంలో 10 మిల్లీమీటర్ల పొడవుకు సమానం అనుకోండి. 80 పీఎస్ఐ దగ్గర 100 మిల్లీమీటర్ల పంపు తన సామర్థ్యంలో సగం కన్నా తక్కువ గాలిని టైరుకు ఇస్తుంది. 350 మిల్లీమీటర్లది ఎనభై శాతానికి పైగా ఇస్తుంది. ఇదంతా కలిపి లెక్కిస్తే చిన్నదానితో 490 సార్లు, పెద్దదానితో 68 సార్లు. ఇది ఒక్క టైరుకే.

ఈ 490 నాకు లెక్కలో తెలియకముందే భుజాల్లో తెలిసింది. విజయవాడ హైవేమీద తెల్లవారుజామున, చౌటుప్పల్ దాటాక, రెండు గంటల తేడాతో రెండు పంక్చర్లయ్యాయి. కారణం గాజుముక్కా కాదు, మేకూ కాదు. లారీ టైర్లు పేలినప్పుడు వాటినుంచి ఊడి రోడ్డు అంచున పడే సన్నని ఉక్కు తీగ, వెంట్రుకకన్నా కాస్త మందం. రెండో టైరుకు చిన్న పంపుతో కొడుతూ మూడు వందల దాకా లెక్కపెట్టాను, ఆ తర్వాత లెక్కా పోయింది, ఓపికా పోయింది. వేలితో నొక్కితే లొత్తపడుతున్న టైరుతోనే మిగతా దూరం తొక్కాను. ఆ పంపు పెట్టెమీద కూడా పెద్ద అంకే ఉండేది.

పాతకాలపు అద్దె సైకిళ్ల దుకాణం ముందు ఉండే నిలువు పంపును గుర్తు చేసుకోండి. కింది రేకుమీద రెండు కాళ్లూ వేసి, ఒళ్లంతా వంచి కొట్టేవాళ్లం. పదేళ్ల పిల్లవాడు కూడా గాలి నింపగలిగేవాడంటే కారణం పొడవాటి కదలిక, పైన శరీరం బరువు. ఈ సూత్రాన్ని రోడ్డుకు మోసుకెళ్లే పంపులూ ఉన్నాయి. టోపీక్ కంపెనీ రోడ్ మోర్ఫ్ సుమారు 35 సెంటీమీటర్ల పొడవే. కానీ కాలితో తొక్కిపట్టేందుకు చిన్న మెట్టు, అడ్డంగా తిరిగే పిడి, వాల్వ్‌కు తగిలించే రబ్బరు గొట్టం ఉంటాయి. నిలబెట్టి కొట్టవచ్చు. ఫ్రేములో పట్టని పూర్తి పొడవు పంపు బదులు ఏదైనా చెప్పమంటే నేను చెప్పేది దీన్నే.

గొట్టం ప్రస్తావన వచ్చింది కాబట్టి మరో మాట. రోడ్డు సైకిల్ ట్యూబులకు ఎక్కువగా ఉండేది ప్రెస్టా వాల్వ్, 6 మిల్లీమీటర్ల సన్నని కాడ. పంపు తలను నేరుగా దానిమీద తొడిగి అటూ ఇటూ ఊగేలా కొడితే కాడ ట్యూబును కలిసేచోట చిరుగుతుంది, అప్పుడు ప్యాచీ కూడా నిలవదు. అలాగని గొట్టం లేని పంపు చెడ్డదేమీ కాదు. మిలాన్‌లో 1917లో మొదలైన సిల్కా, ఫ్రాన్సుకు చెందిన జెఫాల్ తరతరాలుగా గొట్టం లేని ఫ్రేమ్ పంపులు చేశాయి. సిల్కా ఇంపెరో ప్లాస్టిక్ పంపుకు ఇటలీ సైకిల్ విడిభాగాల కంపెనీ కంపాన్యోలో చేసిన ఉక్కు తల బిగించి వాడటం ఒకప్పటి రేసర్ల మురిపెం. కిటుకంతా పట్టులో ఉంది. చక్రాన్ని వాల్వ్ కదలని ఎత్తులో నిలిపి, పంపు తలను పట్టుకున్న చేతి బొటనవేలును టైరుమీద ఆనించి, మిగతా వేళ్లను చక్రం పుల్లల (స్పోకుల) మధ్యకు పోనిచ్చి బిగపట్టాలి. బలమంతా ఆ చేతికి చేరాలి, వాల్వ్ కాడకు కాదు. మరలతో బిగించే గొట్టాల్లోనూ ఒక చిక్కుంది. విప్పేటప్పుడు ఊడదీయగల ప్రెస్టా కోర్ (వాల్వ్ లోపలి మూత భాగం) కూడా వాటితో పాటు బయటికి వచ్చి, కొట్టిన గాలంతా ఒక్క బుస్సుతో పోతుంది. కోర్‌ను ముందే చిన్న పానాతో బిగించుకోవాలి.

గ్యాస్ కార్ట్రిడ్జ్‌లను నేను తీసిపారేయను. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ 28 మిల్లీమీటర్ల టైరును క్షణాల్లో 80 దాటిస్తుంది, పోటీలో ఉన్నవాడికి అదే కావాలి. కానీ అది ఒకే ఒక్క అవకాశం. లోపలి తీగను తీయడం మరచి కొత్త ట్యూబు వేశారా, లేదా టైరు అంచుకింద ట్యూబు నలిగిందా, కార్ట్రిడ్జ్ ఖాళీ, టైరూ ఖాళీ. పంపు మాత్రం మీ తప్పుల్ని ఎన్నిసార్లయినా మన్నిస్తుంది. పైగా కార్బన్ డయాక్సైడ్ రబ్బరులోంచి మామూలు గాలికన్నా త్వరగా బయటపడుతుంది, రాత్రి నింపిన టైరు తెల్లారేసరికి మెత్తబడుతుంది. 600 కిలోమీటర్ల బ్రెవేలో (గడువు పెట్టి తొక్కే సుదూర సైకిల్ యాత్రలో) 40 గంటల గడువుంటుంది, తన మరమ్మతు తనే చేసుకోవాలి. అలాంటి దారిలో రెండే రెండు కార్ట్రిడ్జ్‌లు నమ్ముకోవడం నాకు జూదంలా కనిపిస్తుంది. నగరం చుట్టూ ఉదయం గంటసేపు తిరిగి వచ్చేవారికైతే అవే చాలు.

‘ఫ్రేములో పట్టదు’ అన్నది సగం నిజం. పైగొట్టం నేలకు సమాంతరంగా ఉన్న పాత స్టీలు ఫ్రేములకు ఈ పంపు కోసమే ముందు భాగంలో చిన్న మేకు అతికేవారు. పైగొట్టం ఏటవాలుగా ఉండే నేటి కార్బన్ ఫ్రేముల్లో చోటు తగ్గింది, గాలిని చీల్చుకుపోయేలా చదునుగా చేసిన గొట్టాల మీద పంపు నిలవదు. కానీ ‘పట్టదు’ అని తేల్చేవారిలో టేపుతో కొలిచినవారు తక్కువ. ఫ్రేము సైజు అంకెను కాదు, పంపు కూర్చునే రెండు గొట్టాల మధ్య లోపలి దూరాన్ని కొలవండి. లోపల స్ప్రింగ్ ఉన్న పంపు కొంత అణిగి ఆ సందులో బిగుసుకుంటుంది. పైగొట్టం కింద కేబుళ్లు పోతుంటే అవి నలగకుండా చూసుకోండి. రంగు గీసుకుపోకుండా పారదర్శకమైన టేపు వేయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక పట్టీతో కట్టండి. గుంతలో పడ్డప్పుడు ఊడి ముందుచక్రం పుల్లల్లోకి జారిన పంపు చేసే పని పంక్చర్‌కన్నా చాలా ఘోరం.

పంక్చర్ షాపుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అక్కడి కంప్రెసర్ మూతి మోటారు బండ్లకుండే లావాటి ష్రేడర్ వాల్వ్‌కు సరిపోయేది. ప్రెస్టాకు తొడిగే చిన్న ఇత్తడి అడాప్టర్ సంచిలో ఉంటే ఆ షాపు మీకు నిజంగా ఉపకరిస్తుంది, లేకపోతే షాపతనూ మీరూ ఒకరి ముఖాలొకరు చూసుకోవాల్సిందే. తెల్లవారుజామున అయితే ఆ ముఖమూ ఉండదు.

ఇక మిగిలింది ‘పాడైతే పారేయండి’. పంపు పాడయ్యేది సాధారణంగా రెండేచోట్ల: పిస్టన్ చివరి వాషరు, తలలోని రబ్బరు బిళ్ల. తోలు వాషరైతే ఎండి ముడుచుకుంటుంది. విప్పి, నూనె పట్టించి, అంచులు వేళ్లతో విప్పార్చి పెడితే మళ్లీ గొట్టాన్ని అంటుకుంటుంది. రబ్బరుదైతే సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం నూనెలకు కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఈ రెండూ విడిగా దొరికే పంపు, మామూలు పనిముట్లతో విప్పగల పంపు నా దృష్టిలో నాణ్యమైనది. అతికించి మూసేసినది ఎంత మెరిసినా కాదు.

దుకాణంలో ఒక పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు. పిడిని పూర్తిగా వెనక్కు లాగి, తల రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూసి, బలంగా నెట్టి పది లెక్కపెట్టేదాకా అలాగే పట్టుకుని వదలండి. మంచి పంపు పిడిని దాదాపు మొదటి చోటికి తన్నుతుంది. పిడి మెల్లగా లోపలికి కుంగిపోయి అక్కడే ఉండిపోతే, పెట్టెమీద 160 ఉన్నా 200 ఉన్నా, దాన్ని దుకాణదారు చేతికే తిరిగి ఇచ్చేయండి.