తామరాకు మీద చిరునామా

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. నాలుగు బై ఆరు అంగుళాల గ్లాసీ కాగితం, అంచుల్లేని ప్రింటు, నిగనిగలాడే సముద్రం. ఇక వెనకవైపు చిరునామా వేస్తే పోస్టుకార్డు అయిపోతుందని కాగితం తిరగేసి మళ్ళీ ప్రింటర్‌కి తినిపిస్తారు.

చిరునామా కూడా ముత్యాల్లాగే పడుతుంది, వేలు తగలనంతవరకు. తగిలిందా, వీధి పేరు ఊరి పేరులోకి, ఊరి పేరు చొక్కా మీదికి మకాం మారుస్తాయి. సిరా పీల్చుకునే పూత ఉండేది ఫోటో వైపే. వెనక ఉన్నది పల్చటి ప్లాస్టిక్ పొర. దాని మీద ఇంక్‌జెట్ సిరా అచ్చంగా తామరాకు మీద నీటిబొట్టు. రాత్రంతా ఆరబెట్టినా పొద్దున్నే అదే తంతు.

"లేజర్ ప్రింటర్ ఉందిగా!" అనే మేధావి ఇంటికొకరు ఉంటారు. వారిని పట్టుకుని కూర్చోబెట్టండి. టోనర్‌ని, అంటే అందులో సిరాకి బదులు వాడే రంగుపొడిని, కాగితానికి అతికించే ఫ్యూజర్ దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. టోనర్‌తో పాటు ఈ ప్లాస్టిక్కూ కరిగి రోలర్‌ని వాటేసుకుంటుంది. పోయేది కార్డొక్కటే అయితే బాగుండు, ఒక్కోసారి ఫ్యూజర్ కూడా దానితో సహగమనం చేస్తుంది.

అసలు మార్గం రెండువైపులా పూత ఉన్న మ్యాట్ (నిగనిగలాడని) కాగితం. అయితే అక్కడ తిరకాసు దిక్కులతో. ముందు ట్రే ఉన్న ప్రింటర్లు చాలావరకు కాగితాన్ని లోపల పల్టీ కొట్టిస్తాయి కనక అచ్చు పడాల్సిన వైపు కిందికి ఉండాలి. వెనక నుంచి లాగేవాటికి పైకి. ఇది తేల్చుకోకపోతే చిరునామా సముద్రంలో తేలుతుంది, లేదా శీర్షాసనం వేస్తుంది. మామూలు కాగితాన్ని అదే సైజుకి కోసి, పెన్సిల్‌తో బాణం గీసి ఒకసారి పంపిచూస్తే గుట్టు తెలిసిపోతుంది. చిరునామానే ముందు వేయడం మేలు: తప్పినా పోయేది చుక్క నల్ల సిరా. ఫోటో తర్వాత తప్పితే రంగులన్నీ గోవిందా.

చిరునామాలు ఎక్సెల్ నుంచి తెస్తుంటే ఇంకో విడ్డూరం. బోస్టన్‌లోని 02108 పిన్‌కోడ్‌లో మొదటి సున్నాని అది విలువ లేనిదని తీసిపారేస్తుంది. మిగిలిన 2108 సిడ్నీ దగ్గర పామ్ బీచ్‌ది! ఆ నిలువు వరసని ముందే 'టెక్స్ట్'గా మార్చాలి.

గ్లాసీ కాగితమే కావాలని పట్టుబట్టేవారికి లేబులే దిక్కు. ఏ4 షీటుకి 21 వచ్చే రకం కొలత 63.5 × 38.1 మి.మీ., కార్డు కుడి సగంలో చక్కగా ఇముడుతుంది. అంటించాక మూలలు గోటితో గట్టిగా రుద్దండి.

అన్నట్టు, తడిపి అంటించే స్టాంపుకీ ఆ ప్లాస్టిక్ పొర పడదు. నాలుక పిడచకట్టుకుపోయేదాకా నాకినా, ఆరగానే అది తన దారి తాను చూసుకుంటుంది. వెనక జిగురున్న స్టిక్కర్ స్టాంపు కొనుక్కోండి.