గోరంత చెక్‌బాక్స్ గారికి ఒక విన్నపం

హైదరాబాద్,
ప్యాచ్ వచ్చే మంగళవారం.

మహారాజశ్రీ ‘లోడ్ అవుట్ ఆఫ్ డేట్ యాడాన్స్’ (అంటే, పాతబడిన యాడాన్లనూ రానివ్వు) చెక్‌బాక్స్ గారి సముఖమునకు, కూకట్‌పల్లి వాస్తవ్యుడైన ఒక గిల్డ్ (ఆటలో కలిసి ఆడే జట్టు) ఆఫీసర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మా ఇరవై మందీ క్షేమం. మా యాడాన్లు (ఆటకు మేము తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) కూడా క్షేమమని రాయాలని ఉంది గానీ, ఈ రాత్రి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటకు కొత్త ప్యాచ్, అంటే అప్‌డేట్, వస్తున్నందున ఆ సంగతి రేపు గాని చెప్పలేను.

తమరిని ఎరగనివారి కోసం ముందుగా తమ నివాసం చెప్పాలి. ఆటలోకి అడుగు పెట్టకముందు, పాత్రను ఎంచుకునే తెర మీద, ‘యాడాన్స్’ అనే బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే మన కంప్యూటర్లో ఉన్న యాడాన్ల జాబితా తెరుచుకుంటుంది. ఆ జాబితాకు పైన, గోరంత చదరంలో, తమరు కొలువై ఉంటారు. ఆటలోని పెద్ద శత్రువైన బాస్ ఏ క్షణాన ఏ పిడుగు వేస్తాడో ముందే హెచ్చరించే డెడ్లీ బాస్ మాడ్స్, ఎవరు ఎంత డ్యామేజ్ కొట్టారో లెక్క తేల్చే డీటెయిల్స్, అన్ని సంచుల్లోని సరుకునూ ఒకేచోట చూపించే బాగ్నాన్, ఇవేవీ ఆటతో పాటు వచ్చినవి కావు. ఆటగాళ్లే లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి నలుగురికీ పంచినవి. వాటిలో పాతబడినదేదో తేల్చి, దాన్ని బయట నిలబెట్టే ఉద్యోగం తమరిది.

ఆ ఉద్యోగం తమరు నిర్వహించే తీరు గురించే ఈ విన్నపం. ప్రతి యాడాన్ ఫోల్డర్లోనూ ‘టీఓసీ’ అనే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. అందులో ‘ఇంటర్‌ఫేస్’ అనే వరుసలో ఒక సంఖ్య ఉంటుంది. 110105 అని ఉంటే ఆ యాడాన్ 11.1.5 ప్యాచ్ కోసం రాసినదని అర్థం. ఆట 11.1.7కు మారిన రోజున తమరు ఆ సంఖ్యను చూసి, ఇది 110107 కాదు కదా అని, పక్కన ‘అవుట్ ఆఫ్ డేట్’ అని ముద్ర వేస్తారు. అంతకు మించి తమరు చూసేది ఏమీ లేదు. లోపల ఉన్న వేల పంక్తుల కోడ్‌లో ఒక్క అక్షరమైనా తమ కంట పడదు. ప్యాచ్‌లో మారిన ఫంక్షన్ల జోలికే పోని, ఇంకో పదేళ్లయినా చెక్కుచెదరని యాడాన్‌ను తమరు బయట నిలబెడతారు. పిలిచిన ప్రతి ఫంక్షన్‌కూ ఎర్రర్ కక్కే యాడాన్, సంఖ్య మాత్రం కొత్తది తగిలించుకుని వస్తే, ‘దయచేయండి’ అంటారు. యాడాన్లు రాసేవారికి ఈ కిటుకు ఎప్పుడో తెలిసింది. నోట్‌ప్యాడ్ తెరిచి చివరి అయిదును ఏడు చేసి సేవ్ కొడితే చాలు, తమ దృష్టిలో ఆ యాడాన్‌కు పునర్జన్మ లభించినట్టే. మా గిల్డ్‌లో కోడ్ అంటే ఏమిటో తెలియని వాళ్లకు కూడా ఈ అంకె మార్చడం మాత్రం కొట్టినపిండి.

పోనీ, అంత కఠినంగా ఉన్నందుకైనా మెచ్చుకుందామంటే, ఆ కాఠిన్యం కూడా ఒక్క క్లిక్కు దూరం వరకే. తమ నెత్తిన ఒక టిక్కు పెట్టగానే, అంతవరకూ పాతబడినవని నిలబెట్టినవన్నీ ఒకేసారి లోపలికి వస్తాయి. ఫలానా మూడింటిని రానిచ్చి మిగతావి ఆపమంటే తమకు ఆ విచక్షణ లేదు. ఒక్కొక్కదాన్నీ జాబితాలో వెతికి మేమే ఆపుకోవాలి. పైగా తర్వాతి ప్యాచ్ రాగానే తమరు పాత టిక్కును మరిచిపోయి, మమ్మల్ని మొదటిసారి చూస్తున్నట్టు మళ్లీ ఖాళీగా కూర్చుంటారు.

అమెరికాలో మంగళవారం పొద్దున సర్వర్లు దించితే ఇక్కడ మనకు సాయంత్రం ఏడున్నర, వాళ్ల చలికాలంలో ఎనిమిదున్నర. మంగళవారం కొత్త పని ముట్టుకోవద్దని మా పెద్దలు ఊరికే అనలేదని నాకు ఏటా రెండు మూడు సార్లయినా అనిపిస్తుంది. సర్వర్లు లేచాక మొదట వచ్చే ఫోను ఉప్పల్ నుంచి: “అన్నా, నా తెర మీది బార్లన్నీ పోయినయ్.” “టిక్కు పెట్టినవా తమ్మీ?” అని అడిగితే, “ఏ టిక్కు?” అని జవాబు. తమరికి ఇంతకన్నా అవమానం ఉండదనుకుంటాను.

టిక్కు పడ్డాక నా అసలు పని మొదలవుతుంది. అందరం కలిసి బాస్‌ల మీద చేసే దాడికి, అంటే రెయిడ్‌కు, ముందు చాట్‌లో ‘డీబీఎం’ (అదే డెడ్లీ బాస్ మాడ్స్) వెర్షన్ కమాండ్ కొడితే, ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో, ఎవరి దగ్గర అసలు లేదో పేర్లతో సహా వరుసగా వస్తుంది. పెళ్లికి వచ్చినవాళ్ల చదివింపులు రాసుకునే శ్రద్ధతో నేను ఆ జాబితా చదువుతాను. అన్నింటికన్నా కఠినమైన మిథిక్ రెయిడ్‌కు కచ్చితంగా ఇరవై మంది కావాలి. అందులో ఒకరి దగ్గర పాత హెచ్చరిక మోగితే చాలు, వెళ్లవలసిన దిక్కు బదులు వేరే దిక్కుకు పరుగెత్తి, అందరినీ పరలోకానికి పంపుతాడు. తమ టిక్కు వల్ల ఆ పాత వెర్షన్ లోడ్ అయింది, తెర మీద కనబడుతోంది, కాబట్టి అంతా బాగుందని అతను నమ్మాడు. కనబడటమూ పని చేయటమూ ఒకటేనని నమ్మించడంలో తమకు సాటి లేరు.

లెక్కలు చూసే విషయంలోనూ ఇదే భ్రమ. మెనూ బటన్ మీద మౌస్ నిలిపితే ఏ యాడాన్ ఎంత మెమరీ తింటోందో ఆట చెబుతుంది. ఆ మెగాబైట్లను చూసి మా ఎల్.బి.నగర్ మిత్రుడు బెదిరిపోయి, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొత్త ర్యామ్ కొనుక్కొచ్చాడు. ఆట మాత్రం అప్పటిలాగే తడబడింది. ఎక్కువ మెమరీ వాడే యాడాన్ తన బొమ్మలనూ డేటానూ ఒక మూల పెట్టుకుని కదలకుండా కూర్చోవచ్చు. తెర మారిన ప్రతిసారీ పది లెక్కలు కట్టే చిన్న యాడానే ఫ్రేములను, అంటే తెర మీద బొమ్మలు కదిలే వేగాన్ని, మింగేస్తుంది. ఆ సమయం కొలవడానికి ‘స్క్రిప్ట్ ప్రొఫైల్’ అనే సెట్టింగ్ ఒకటి ఉంది. అది పెడితే కొలిచే పని కూడా తోడై ఆట ఇంకా మెల్లగా నడుస్తుంది. జబ్బును కనిపెట్టడానికి జబ్బు పెంచే ఈ పద్ధతిని నేను తమ ఖాతాలో వేయడం లేదు. ఎంత నెమ్మదైన యాడాన్‌కైనా సంఖ్య సరిపోతే తమరు దారి ఇస్తారని గుర్తు చేస్తున్నాను, అంతే.

ఇక తమరు ఎన్నడూ అడగని ప్రశ్న మరొకటి ఉంది: నువ్వు ఎవరి దగ్గర నుంచి వచ్చావు? యాడాన్ ఆట లోపలే ఉంటుంది, కంప్యూటర్లోని మిగతా ఫైళ్లను ముట్టుకోలేదు, నిజమే. కానీ యాడాన్లను తెచ్చిపెట్టే ప్రోగ్రామ్‌కు ఆ కట్టుబాటు లేదు. 2014 జనవరిలో, యాడాన్లను దించుకోవడానికి వాడే కర్స్ క్లయింట్ పేరుతో ఒక నకిలీ ప్రోగ్రామ్ తిరిగింది. దాన్ని దించుకున్నవారి పాస్‌వర్డ్‌తో పాటు, లాగిన్‌కు అడిగే రెండో రహస్య సంఖ్య అయిన ఆథెంటికేటర్ కోడ్‌ను కూడా అది దొంగిలించింది. 2016లో ఇంకొక మోసం జరిగింది. ఒక అపరిచితుడు ఒక్క వరుస కమాండ్ ఇచ్చి చాట్‌లో కొట్టమనేవాడు. కొట్టిన మరుక్షణం నుంచి అతను పంపే సందేశమల్లా ఎదుటివారి ఆటలో కోడ్‌లా నడిచేది. ఇన్ని జరిగినా తమరు వచ్చినవాడి వయసు మాత్రమే అడుగుతారు, ఊరూ పేరూ అడగరు.

మేము మాత్రం తిట్లన్నీ యాడాన్ రాసేవాడికే పంపుతాం. 2009లో వచ్చిన నియమాల ప్రకారం యాడాన్‌కు డబ్బు వసూలు చేయకూడదు, కోడ్ దాచకూడదు, ఆట లోపల విరాళం కూడా అడగకూడదు. అంటే ఎక్కడో ఎవరో ఉద్యోగం నుంచి ఇంటికి చేరి, అన్నం తిని, పిల్లలను పడుకోబెట్టి, ఉచితంగా మా కోసం కోడ్ సరిచేయాలి; అది బుధవారం పొద్దుటికి సిద్ధం కాకపోతే మాదాపూర్‌లో లక్షల జీతం తీసుకుంటూ తన ప్రాజెక్టు గడువు రెండుసార్లు జరుపుకున్నవాడు “ఈ డెవలపర్‌కు బాధ్యత లేదు” అంటాడు.

తమ అధికారానికి ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ఆటకు ‘మిడ్‌నైట్’ అనే కొత్త విస్తరణతో, పోరాట సమయంలో యాడాన్లకు అందే సమాచారంలో చాలా భాగాన్ని రహస్య విలువలుగా మారుస్తామని ఆట తయారీ సంస్థ బ్లిజార్డ్ 2025లో ప్రకటించింది. యాడాన్ ఆ విలువను తెర మీద చూపగలదు గానీ, దాన్ని పోల్చి, లెక్క కట్టి, ఇలా చేయమని మాకు చెప్పలేదు. డ్యామేజ్ మీటర్, బాస్ హెచ్చరికలు ఆటలోనే ఇస్తామన్నారు. ఏళ్ల తరబడి మాకు కళ్లూ చెవులూ అయిన వీక్ఆరాస్ అనే యాడాన్ బృందం మిడ్‌నైట్‌కు ఆ యాడాన్‌ను తీసుకురాలేమని చెప్పేసింది. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పట్వారీ పదవిని రద్దు చేశాక కూడా ముద్ర చేతిలో పట్టుకుని చావడిలో కూర్చున్న పట్వారీ లాగా తమరూ అక్కడే ఉన్నారు. పోరాటం వేళ, లోపలికి వెళ్లినవారికి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలలేదు.

అందుకని తమకు చేసుకునే మనవి ఏమిటంటే, తమకు ఆ సంఖ్యల మీద ఉన్న మమకారం ఎలాగూ పోదు గనుక, దాని పక్కనే ఇంకొక వరుస రాసిపెట్టండి: ఈ యాడాన్ నిన్న ఏ ఫంక్షన్ దగ్గర ఎర్రర్ ఇచ్చింది, ఎన్ని ఫ్రేములు తిన్నది అని. పాతబడినవాటిలో దేన్ని రానివ్వాలో విడివిడిగా టిక్కు పెట్టుకునే వీలు కల్పించండి. అంతవరకూ మా ఉప్పల్ తమ్ముడికి ఫోనులో తమ చిరునామా చెప్పే బాధ్యత నాదే. చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇరవై మంది యాడాన్లకు జవాబుదారీ