అభ్యంతరం ఉంది, అయినా పాన్‌కేకులు నేనే తిప్పుతాను

నాకు ఒక నైతిక అభ్యంతరం ఉంది. నాలుగేళ్లుగా ఉంది. ప్రతి సోమవారం సాయంత్రం ఏడింటికి దాన్ని చర్చి పార్కింగ్‌లో కారులోనే కూర్చోబెట్టి, అద్దం ఒక అంగుళం కిందికి దించి (టెక్సస్ ఎండ సంగతి తెలిసిందే), మావాణ్ణి వెంటబెట్టుకుని లోపలికి వెళ్తాను. ఎనిమిదిన్నరకి తిరిగొచ్చేసరికి అది అక్కడే ఉంటుంది, పాపం. దారిలో ఇద్దరం కాసేపు ఆవేశంగా మాట్లాడుకుంటాం. ఇంటికొచ్చేసరికి నిద్రపోతుంది. మళ్లీ సోమవారం దాకా లేవదు.

సంగతి ఏమిటంటే, మావాడు స్కౌట్. ఇక్కడి బాయ్ స్కౌట్స్ సంస్థ 2025 ఫిబ్రవరి నుంచి స్కౌటింగ్ అమెరికా అని పేరు మార్చుకుంది. హెడ్డాఫీసు ఇర్వింగ్‌లో, మనవాళ్ల బిర్యానీ హోటళ్లకి కూతవేటు దూరంలో. అయితే పిల్లలుండే ట్రూప్‌ని హెడ్డాఫీసు నడపదు. ఒక్కో ట్రూప్‌కి ఒక్కో స్పాన్సర్ ఉంటుంది, ఎక్కువ చోట్ల అది చర్చి. హాలు వాళ్లది, కాగితాల మీద ట్రూప్ వాళ్లది, పెద్దవాళ్లలో ఎవరు లీడర్ కావచ్చో తేల్చే సంతకం వాళ్లది. యూనిఫాం, బ్యాడ్జీలు, పుస్తకం మాత్రం హెడ్డాఫీసువి. సినిమా ఒకళ్లది, థియేటర్ ఒకళ్లది అనుకోండి. గేటు దగ్గర ఎవర్ని ఆపాలో థియేటర్ వాళ్లే చెప్తారు.

మేం ఇందులోకి ఎందుకొచ్చామంటే అడవులు, నక్షత్రాలు, స్వయంకృషి అని చెప్పాలని ఉంది. నిజానికి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఈగిల్ స్కౌట్ అయితే కాలేజీ అప్లికేషన్‌కి బాగుంటుంది" అని పెట్టారు. ఈగిల్ అంటే స్కౌట్లలో అన్నిటికంటే పై మెట్టు: ఇరవయ్యొక్క మెరిట్ బ్యాడ్జీలు, ఒక సర్వీస్ ప్రాజెక్టు, అన్నీ పద్దెనిమిదో పుట్టినరోజు లోపల పూర్తి చేయాలి. డెడ్‌లైన్ ఉన్న పని కనబడితే మనవాళ్లు ఆగరు. ఆ వారమే ఆరు కుటుంబాలు చేరాం.

చిన్నప్పుడు కృష్ణా జిల్లాలో నేనూ స్కౌట్‌నే. ఖాకీ నిక్కరు, మెడలో స్కార్ఫు, ఆగస్టు పదిహేనుకి కవాతు, చివర్లో రెండు చాక్లెట్లు. దేవుడి పట్ల, దేశం పట్ల నా కర్తవ్యం నెరవేరుస్తానని ప్రమాణం చేయించేవారు. మన భారత్ స్కౌట్స్‌లో ఒక వెసులుబాటు ఉంది: ఇష్టమైతే దేవుడు అన్నచోట ధర్మం అనుకోవచ్చు. ఎండలో నిలబడి ఉన్న మాకు రెండూ ఒకటే, త్వరగా అయిపోతే చాలు.

అమెరికాలో ఆ వెసులుబాటు లేదు. దేవుడి పట్ల బాధ్యత గుర్తించనివాడు ఉత్తమ పౌరుడిగా ఎదగలేడనే అర్థం వచ్చే ప్రకటన ఒకటి దరఖాస్తులో ఉంటుంది, దానికింద సంతకం పెట్టాలి. ఏ దేవుడన్నది మన ఇష్టం. వెంకటేశ్వరస్వామి అయినా, యేసు అయినా, అల్లా అయినా సరే. లేడు అంటేనే ఇబ్బంది.

మా స్నేహితుడొకడు పటమటలో పెరిగాడు. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకి తెచ్చిన నాస్తిక కేంద్రం వాళ్లకి పక్క వీధే. పెళ్లి కూడా ముహూర్తం లేకుండా చేసుకున్నాడు. దరఖాస్తు ముందు అరగంట కూర్చున్నాడని తెలిసి ఫోన్ చేశాను.

"ఏరా, పెట్టావా సంతకం?"

"పెట్టానురా. పిల్లకోసం. కానీ పొడుగు సంతకం కాదు, పొట్టిది పెట్టాను."

మనస్సాక్షి ఉన్నవాడు మరి. తర్వాత ట్రూప్‌లో ఏ పని ఎవరికని పంచుకుంటే, క్యాంపులో భోజనానికి ముందు ప్రార్థన చెప్పే పని వాడికి పడింది. వాడు ఒప్పుకున్నాడు, ఆ పూట గిన్నెలు తోమే పని తప్పుతుందని. తిండికి, బట్టకి, స్నేహానికి థాంక్స్ చెప్పే ఆ నాలుగు ముక్కలూ గడగడా చెప్పేస్తాడు. చివర్లో "ఓ ప్రభూ" దగ్గరికి రాగానే మాత్రం దగ్గొస్తుంది. నాలుగేళ్లుగా ఒక్కసారి కూడా ఆ దగ్గు గురి తప్పలేదు. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు అది ప్రార్థనలో భాగమనుకుని అందరూ కలిసి ఒకేసారి దగ్గి భోజనానికి కూర్చుంటున్నారు.

వాడి సంగతి అలా ఉంచండి. నా అభ్యంతరం వేరు.

స్వలింగ సంపర్కులు లీడర్లుగా పనికిరారన్నది ఈ సంస్థ పాత నిబంధన. న్యూజెర్సీలో జేమ్స్ డేల్ అనే అసిస్టెంట్ స్కౌట్‌మాస్టర్‌ని అందుకే 1990లో తీసేశారు. ఆయన ఈగిల్ స్కౌట్ కూడా. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000లో అయిదుగురు జడ్జీలు సంస్థ వైపు, నలుగురు ఆయన వైపు. తర్వాత పదమూడేళ్లకి, 2013లో, పిల్లల వరకు ఆ నిషేధం తీసేద్దామని ఓటేశారు. 2014 జనవరి 1 నుంచి అమలు. పెద్దల మీద నిషేధం పోయింది మాత్రం 2015 జూలై 27న. అంటే మధ్యలో దాదాపు పందొమ్మిది నెలలు ఒక కుర్రాడు పదిహేడేళ్ల పదకొండు నెలల వయసులో ట్రూప్‌కి ఆదర్శం, ఛాతీ నిండా బ్యాడ్జీలు. పద్దెనిమిదో పుట్టినరోజు కేకు కోశాక అదే కుర్రాడు పిల్లల మధ్య తిరగదగని మనిషి. మన పంచాంగకర్తలు కూడా పాపపుణ్యాలను ఇంత కచ్చితంగా గడియారానికి కట్టలేదు.

2015లో నిషేధం తీసేస్తూ ఒక మినహాయింపు ఉంచారు. స్పాన్సర్ మతసంస్థ అయితే తమ నమ్మకం ప్రకారం లీడర్లను ఎంచుకోవచ్చు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. మా చర్చి ఆ మినహాయింపు వాడుకుంటుంది.

మా ట్రూప్‌లో ఒక తండ్రి ఉన్నాడు. చిన్నప్పుడు ఈగిల్ అయినవాడు. బోలైన్ ముడి ఒంటి చేత్తో, అదీ వీపు వెనక, వేయగలడు. తడి కట్టెలతో మంట రాజేస్తాడు. ఆయనకి భార్య కాదు, భర్త. అసిస్టెంట్ స్కౌట్‌మాస్టర్‌గా చేస్తానని దరఖాస్తు ఇచ్చాడు. చర్చి ప్రతినిధి చాలా మర్యాదగా, భుజం మీద చెయ్యేసి మరీ, తండ్రిగా ఎప్పుడైనా రావచ్చనీ, లీడర్‌గా మాత్రం కుదరదనీ చెప్పాడు.

అది కమిటీకి వచ్చిన రోజు అజెండాలో నాలుగు అంశాలు: పాప్‌కార్న్ అమ్మకాల లెక్క, ట్రైలర్‌కి కొత్త టైరు, ఈ విషయం, వేసవి క్యాంపు. మూడోదానికి రాగానే లేచి నిలబడ్డాను. గొంతు వణికింది. "నాకు అభ్యంతరం ఉంది" అన్నాను. హాలంతా నిశ్శబ్దం. అధ్యక్షురాలు థాంక్స్ చెప్పి, రాసుకోమని సెక్రటరీకి సైగ చేసి, వేసవి క్యాంపులోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటి రాత్రి తర్వాతే గాంధీగారు ఉప్పుకోసం బయల్దేరి ఉంటారనిపించింది.

మరుసటి నెల కిందటి మీటింగు మినిట్స్ చదివారు. రెండో అంశం, మూడో అంశం కలిసిపోయాయి. "ట్రైలర్ టైరు విషయమై ఒక సభ్యుడు అభ్యంతరం తెలిపారు" అని ఉంది. సవరణ చెప్పాలంటే మళ్లీ లేవాలి, మళ్లీ గొంతు వణకాలి. అప్పటికి టైమ్ ఎనిమిదీ ఇరవై. మావాడికి మర్నాడు ఆల్జీబ్రా పరీక్ష. మినిట్స్ ఆమోదించేవాళ్లు చేతులెత్తండి అన్నారు. ఎత్తాను.

ఇప్పుడు ఏర్పాటు ఇలా ఉంది. ఆయన హాలు బయట బెంచీ మీద కూర్చుంటాడు. ముడి రాని పిల్లలు ఒక్కొక్కళ్లే తాడు పట్టుకుని ఆయన దగ్గరికి పోతారు. నిబంధన ప్రకారం పిల్లల దగ్గర రిజిస్టరైన పెద్దవాళ్లు ఇద్దరుండాలి. కనుక నేనూ పటమట మిత్రుడూ చెరో పక్క నిలబడతాం. ఆయనకి ముళ్లు వచ్చు, మాకు రిజిస్ట్రేషన్ ఉంది.

ఆ ఇద్దరు పెద్దల నిబంధనకి వెనక పెద్ద కథే ఉంది. అనర్హులైన వాలంటీర్ల పేర్లతో ఈ సంస్థ 1920ల నుంచి రహస్య ఫైళ్లు పెట్టుకుంది. పిల్లల మీద అఘాయిత్యాలు చేశారన్న మనుషుల ఫైళ్లే వేలల్లో. ఒరెగాన్‌లో కోర్టు ఆదేశంతో 2012లో కొన్ని బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరిలో సంస్థ దివాలా పిటిషన్ వేస్తే 82,000 మందికి పైగా బాధితులుగా క్లెయిములు పెట్టారు. పరిహారానికి 246 కోట్ల డాలర్ల నిధి. ముందు గుమ్మంలో డేల్‌ని ఆపడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన నైతిక దీక్ష, వెనక గుమ్మం తెరిచి ఉందని బీరువాలో రాసిపెట్టుకుని తాళం వేసింది.

ఇక అభ్యంతరం అంటే ఎలా ఉండాలో అవతలివాళ్లని చూసి నేర్చుకోవాలి. 2013 నిర్ణయం నచ్చని క్రైస్తవులు అదే ఏడాది ట్రైల్ లైఫ్ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. 1913లోనే స్పాన్సర్‌గా చేరి, అందరికంటే పెద్ద స్పాన్సర్ అయిన మార్మన్ చర్చి, తన పిల్లలకి ప్రపంచమంతటా తన సొంత కార్యక్రమమే ఉంటుందని చెప్పి 2019 ఆఖరుకల్లా మొత్తం పిల్లలతో సహా వెళ్లిపోయింది. వాళ్ల అభిప్రాయాలతో నాకు ఏ కోశానా పొత్తు లేదు. కానీ వాళ్ల అభ్యంతరానికి కాళ్లున్నాయి. నాదానికి పార్కింగ్ స్లాట్ ఉంది.

మానేయొచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. "మరి ఈగిల్?" అన్నాను. "నేనూ అదే అంటున్నా, మానొద్దు, కానీ ఇంటికొచ్చి నాకు చెప్పొద్దు" అంది. అందుకని లోపలుండి మార్చే మార్గం ఎంచుకున్నాను. నాలుగేళ్లలో చాలా మార్చాను. కాఫీ బ్రాండు మారింది. హాట్‌డాగ్‌లలో వెజ్ వచ్చింది.

ఇంకో చిక్కుంది. ఈ చర్చివాళ్లు మంచివాళ్లు. వంటగదిలో ఉండే పెద్దావిడ చిల్లీ అనే మాంసం కూర చేసిన ప్రతిసారీ బీఫ్ లేకుండా చిన్న గిన్నెలో మాకు వేరే చేసి, మూతమీద టేపు అంటించి, మా అందరి పేర్లూ తప్పుల్లేకుండా రాస్తుంది. ఒక డిసెంబరు రాత్రి లైట్లు ఆర్పడం మరిచిపోయి బ్యాటరీ దిగిపోతే, చలిలో జంపర్ కేబుళ్లు తెచ్చి నా కారు స్టార్ట్ చేసినవాడు ఎవరనుకున్నారు? ఆ చర్చి ప్రతినిధే. అభ్యంతరం కూర్చున్న కారే. వాళ్ల హాలు, వాళ్ల చిల్లీ, వాళ్ల కరెంటు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గానీ, మీటింగులు పొడుగ్గా ఉంటాయి కనుక లెక్కపెట్టాను. పదకొండు.

మొన్న ట్రూప్‌కి నిధుల కోసం పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ పెట్టారు. పెనం దగ్గర నేను. అట్లు తిప్పడం నాకు వారసత్వంగా వచ్చిన విద్య, ఇక్కడివాళ్లు దాన్ని లీడర్‌షిప్ అంటారు. బెంచీమీద కూర్చునే ఆ తండ్రి ప్లేటు పట్టుకుని వరుసలో ముందుకొచ్చాడు.

"మినిట్స్ చూశాను" అన్నాడు. "ఆరోజు కమిటీలో మీరు లేచి మాట్లాడారట."

గుండె ఒక్కసారి పొంగింది. "అవును" అన్నాను. "ఎవరో ఒకరు అనాలి కదా."

"నిజమే. ఆ పాత టైరు ఇంకో రెండేళ్లు వచ్చేది."

ఆయన మొహంలోకి చూశాను. నవ్వుతున్నాడో లేదో పెనం మీది పొగలో సరిగా కనబడలేదు. రెండు పాన్‌కేకులు వేశాను, ఇంకోటి అడక్కుండానే వేశాను. వెనకాల చర్చి ప్రతినిధి నిలబడి ఉన్నాడు. ఆయనకీ మూడు.