లేఆఫ్‌ లేని ఒకే ఒక్క కంప్యూటర్‌ కొలువు

సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం గాలిలో దీపమైపోయిందని దిగులుపడే తల్లిదండ్రులకు శుభవార్త. ఎన్ని మాంద్యాలొచ్చినా పని తరగని కంప్యూటర్‌ శాఖ ఒకటుంది. దాని పేరు సైద్ధాంతిక కంప్యూటర్‌ శాస్త్రం: ఏ లెక్క కంప్యూటర్‌కు ఎంత కష్టమో తేల్చే శాఖ. అక్కడ పని తరగకపోవడానికి కారణం, అది పూర్తికాకపోవడమే.

అక్కడి అతి పెద్ద ప్రశ్న ఇది: జవాబు చూపిస్తే చప్పున సరిచూడగలిగే లెక్కకు, ఆ జవాబును చప్పున కనిపెట్టడమూ సాధ్యమేనా? పి, ఎన్‌పి అని పిలిచే ఈ పేచీ 1971 నుంచి నడుస్తోంది. దాన్ని తేల్చినవారికి 2000లో అమెరికాలోని క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆ సొమ్ము ఇంకా చెక్కు చెదరలేదు. పైగా 1975లో బేకర్‌, గిల్‌, సాలొవే అనే ముగ్గురు, అప్పటికి చేతిలో ఉన్న మామూలు ఎత్తులతో ఇది తేలదని నిరూపించారు. 1994లో రజ్‌బరోవ్‌, రుడిక్‌ ఇంకో దారికీ దాదాపు తాళం వేశారు. ‘మీ ఉద్యోగానికి ఢోకా లేదు’ అని హెచ్‌ఆర్‌ వాళ్లు చెబితే అది వట్టి మాట. ఇక్కడ అదే మాటకు రుజువుంది.

ప్రగతి లేదనుకునేరు. ఊళ్లన్నీ ఒక చుట్టు తిరిగి ఇంటికొచ్చే దారి విషయంలో, అతి పొట్టి దారికి ఒకటిన్నర రెట్లు దాటకుండా చూపే పద్ధతిని 1976లో క్రిస్టోఫీడిస్‌ ఇచ్చాడు. 44 ఏళ్ల తర్వాత, 2020లో, ముగ్గురు ఆ ఒకటిన్నరను తగ్గించారు. ఎంత? పదికి మైనస్‌ 36వ ఘాతమంత. భూమి చుట్టుకొలతంత దారిలో ఆ తేడా ప్రోటాన్‌ కంటే ఎంతో చిన్నది. డీజిల్‌ ఆదా లెక్క లారీ యజమానులే వేసుకోవాలి. ఆ పత్రానికి మాత్రం ఈ శాఖవాళ్ల పెద్ద సదస్సు స్టాక్‌ (STOC)లో ఉత్తమ పత్రం బహుమతి వచ్చింది, న్యాయంగానే వచ్చింది.

ఇక చేరే దారి. ఇంటర్‌ ఎంపీసీ తర్వాత చెన్నై మేథమెటికల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ప్రవేశ పరీక్ష ఉంది. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేసి మిగిలినవాటిలో ఒకటి ఊహించడంలో ఆరితేరిన ఈఏపీసెట్‌ (పాత ఎంసెట్‌) వీరులు జాగ్రత్త, అక్కడ ‘ఎందుకు’ అని రాయమంటారు. బీటెక్‌ అయ్యాక పీహెచ్‌డీలో చేరాలంటే గేట్‌, జెస్ట్‌, ముంబయి టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్‌) ప్రవేశ పరీక్షలు, ఆపైన ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూలో బోల్తాపడేది ఎక్కువగా అల్గారిథమ్‌ల పేర్లు బట్టీపట్టినవాళ్లే. అతి పొట్టి దారి వెతికే డైక్‌స్ట్రా పద్ధతిని గడగడా చెప్పేశాక ‘ఒక అంచు (రెండు ఊళ్ల మధ్య దారి) బరువు రుణసంఖ్య అయితే?’ అంటారు. గది నిశ్శబ్దమైపోతుంది.

పీహెచ్‌డీలో నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటద్దె అదనం. ఐదారేళ్లు. ఆ తర్వాత పోస్ట్‌డాక్‌ (తాత్కాలిక పరిశోధన కొలువు) అనే సంచార జీవితం: ఒక్కోచోట రెండేళ్లు, ప్రతిసారీ ఫ్రిజ్‌ అమ్ముకోవడం. వచ్చే సెప్టెంబరు కొలువుకు ఈ నవంబరులోనే అర్జీ పెట్టాలి. సిఫార్సు ఉత్తరం రాసేవాళ్లలో ఒక్కరైనా సొంత గైడు కాకుండా ఉండాలి. ఈ సంగతి చాలామందికి అక్టోబరు చివర్లో గుర్తొస్తుంది.

ఇంటిపేరు కూడా చూసుకోండి. ఈ శాఖలో పరిశోధన పత్రాల మీద రచయితల పేర్లు ఇంగ్లిష్‌ అక్షరక్రమంలో వేస్తారు. ఆకెళ్లవారి అబ్బాయి జీవితాంతం మొదటి రచయిత. యర్రమిల్లివారి అమ్మాయి ఎంత కష్టపడినా చివరి పేరే. ఎంపిక సంఘంలో పక్క శాఖ ప్రొఫెసర్‌ ‘మొదటి పేరుగా ఎన్ని పత్రాలున్నాయమ్మా?’ అని అడిగే ప్రమాదముంది కాబట్టి ఆ ఆచారాన్ని సీవీలోనే ఒక వాక్యంలో రాసిపెట్టడం క్షేమం.

మనవాళ్లు మెరుపులు మెరిపించలేదా అంటే, 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్‌, అప్పుడే బీటెక్‌ ముగించిన నీరజ్‌ కయాల్‌, నితిన్‌ సక్సేనా కలిసి, ఒక సంఖ్య ప్రధానసంఖ్యా కాదా అన్నది బహుపది కాలంలో (అంటే అంకెలు పెరిగినా సమయం హద్దు మీరకుండా), అదృష్టం మీద ఆధారపడకుండా తేల్చేశారు. ప్రపంచం చప్పట్లు కొట్టింది, 2006లో ఈ శాఖ పెద్ద పురస్కారమైన గోడెల్‌ బహుమతిచ్చింది, ఆనక రహస్య సందేశాల తాళంచెవులు తయారుచేయడానికి వేగం కోసం అదృష్టాన్ని కాస్త నమ్ముకునే పాత మిల్లర్‌-రాబిన్‌ పద్ధతినే వాడుకుంటోంది.

మిగిలింది పెళ్లిచూపులు. ‘అబ్బాయి ఏం చేస్తుంటాడు?’ అంటే నిజమే చెప్పాలి: ‘కొన్ని పనులు ఎంత తంటాలుపడినా త్వరగా తెమలవని నిరూపిస్తుంటాడండీ.’ పిల్ల తండ్రి మండలాఫీసులో గుమస్తా అయితే ఒక ప్రశ్న తప్పదు: ‘దానికి ఐదారేళ్ల చదువెందుకు బాబూ?’