క్రైమ్ సీన్ ఇంగ్లీషు దొరవారికి, కడప నుంచి ఒక కాగు సొంతదారు

దొరవారికి నమస్కారం.

ఏడు నెలల కిందట ఒక గురువారం రాత్రి మా వసారాలోని ఇత్తడి కాగు పోయింది. నీళ్లు కాచుకునే కాగు, మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. మా భాషలో దీన్ని దొంగతనం అంటారు. తెల్లారేసరికి తమరు దిగారు.

డిగ్రీ చదివే మా మేనల్లుడు రాత్రిళ్లు సెల్లులో తమరి సిరీస్‌లే చూస్తుంటాడు. వాడి పుణ్యమా అని మా ఇల్లు క్రైమ్ సీన్ అయింది, కాగు కింది మసి ట్రేస్ ఎవిడెన్స్ అయింది, గడప పాయింట్ ఆఫ్ ఎంట్రీ అయింది. (తిరుమలకు తొలి గడప కాబట్టే మా ఊరు కడప అయిందంటారు. ఆ లెక్కన ఊరంతా పాయింట్ ఆఫ్ ఎంట్రీయే.) పసుపుపచ్చ టేపు దొరక్క వాడు అమ్మ పసుపు చీర అడ్డంగా కట్టాడు. అమ్మ ఆ చీర కిందే దూరి వచ్చి, గడప కడిగి, పసుపు రాసి, వాకిట్లో కల్లాపి చల్లి, ముగ్గేసింది.

"సీన్ కంటామినేట్ అయిపాయె గదవ్వా!" అని వాడు నెత్తి కొట్టుకున్నాడు.

"శుక్రవారం పూట గడప కడక్కుండా ఉంటారేమిరా?" అంది అమ్మ.

మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చి, "క్లూస్ టీమ్ వస్తుంది, ఏం ముట్టుకోవద్దండి" అని చెప్పి వెళ్లాడు. రెండు రోజులు మేం వసారాలో చెప్పుల స్టాండు కూడా ముట్టుకోలేదు. ఎవరూ రాలేదు.

ఆ రెండు రోజులు ఖాళీగా కూర్చుని తమరి పుట్టుపూర్వోత్తరాలు చూశాను. క్లూ అంటే మొదట్లో నూలుండ అట! గ్రీకు కథలో థీసియస్ చిక్కుదారుల్లోంచి బయటపడింది ఆ దారం పట్టుకునే. మేం తీగ లాగితే డొంక కదులుతుందంటాం, మొరటుగా ఉంటుంది. తమరు దారం లాగితే టీమ్ అవుతుంది, జీపు వస్తుంది (వస్తే). అలిబీ అంటే లాటిన్‌లో 'ఇంకోచోట' అని, అంతే. ఫోరెన్సిక్ అనే మాట పుట్టింది రోమ్ నడిబజారు 'ఫోరమ్'లో. ఇంత మామూలు ఇళ్లల్లో పుట్టి మా దగ్గర మాత్రం సూటు విప్పరేం?

వేలిముద్ర సంగతి ఇంకా విడ్డూరం. మా వైపు వేలిముద్రగాడంటే చదువురానివాడని తిట్టు. ఫింగర్‌ప్రింట్ అనగానే అదే వేలికి కుర్చీ వేస్తాం. ఆ విద్యయినా తమరి పెరట్లో పండిందా? వేలిముద్రల బ్యూరో మొదట పెట్టింది 1897లో, కలకత్తాలో. ముద్రల్ని వర్గాలుగా పేర్చే లెక్క కోసం తలలు బద్దలు కొట్టుకున్నవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పైఅధికారిది, హెన్రీ పద్ధతి. మా కాగు దొంగ కూడా ఇంత శుభ్రంగా పని చేయలేదు.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్)లో 176వ సెక్షన్ చూపించి మావాడు స్టేషన్‌లో వాదించాడు. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు చోటికి రావాల్సిందేనట. కానీ అది ఎప్పటి నుంచో రాష్ట్రాలు చెప్పుకోవడానికి అందులోనే ఐదేళ్లు వెసులుబాటు ఉంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మేం ఊరికే కుక్కల్ని ఆడిపోసుకున్నాం.

"కాగు ఎంత ఉంటుంది?" అని మాత్రం స్టేషన్‌లో అడిగారు.

మూడో రోజు అమ్మ పాలామెను అడిగింది. పాలామె ఇస్త్రీ బండి ఆయన్ని అడిగింది. ఆయన పాత సామాన్ల అంగడి చూపించాడు. నాలుగో రోజు అమ్మ లోపలికి పోయి, కాగు బోర్లించి, అడుగున చుక్కలతో కొట్టించిన మా తాత పేరు వేలితో తడిమి చూపింది. అంగడాయన భుజాలు తడుముకున్నాడు. అమ్మకు తమరి భాషలో ఒక్క ముక్క రాదు.

ఆ సంతోషంలో మేం చేసిన తప్పు, స్టేషన్‌కు చెప్పడం. అక్కడ కాగుకు కొత్త పేరు పెట్టారు, కేస్ ప్రాపర్టీ అని. చీటీ అంటించి లోపల పెట్టుకున్నారు. కోర్టు ఆర్డరు తెచ్చుకోవాలట.

దొంగ చేతిలో కాగు నాలుగు రోజులుంది. తమరి చేతిలో ఏడో నెల నడుస్తోంది. అమ్మ సత్తు గిన్నెలో నీళ్లు కాస్తోంది, రోజూ తమరినే తలుచుకుంటోంది.

ఇట్లు,
కంప్లైనెంట్
(మొన్నటిదాకా కాగు సొంతదారు)