పాస్టర్ గారి పుస్తకం కన్నా ఆయన తిరగేసిన దస్తావేజులే గొప్పవి

పాత భూమి కాగితాలంటే చరిత్ర ప్రేమికులకు కూడా చిన్నచూపే. శాసనం దొరికిందంటే పరుగెత్తుతారు, తాళపత్రాలంటే దండం పెడతారు. కౌలు పత్రం, తాకట్టు పత్రం, కోర్టు కాగితం కనిపిస్తే మాత్రం "అవి లాయర్ల గొడవలే" అని పక్కన పడేస్తారు. దీని మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఇలాంటి కాగితాలు వెతికి చరిత్ర రాసిన వేల్స్ పాస్టర్ల గురించి చదివే కొద్దీ ఆ కోపం పెరుగుతోంది.

హెన్రీ రోలాండ్స్ సంగతే చూడండి. 1655లో ఆంగిల్సీ ద్వీపంలో పుట్టి, అక్కడి లానిడాన్ చర్చిలో పాస్టర్‌గా ఉండి, 1723లో చనిపోయాడు. ఆ ఏడాదే డబ్లిన్‌లో అచ్చయిన 'మోనా ఆంటిక్వా రెస్టారాటా' ఆయనకు పేరు తెచ్చింది. ప్రాచీన డ్రూయిడ్ పూజారులకు ఆంగిల్సీయే కేంద్రమని, వాళ్ల మతం నోవహు సంతతి నుంచి వచ్చిందని, పొలాల్లో కనిపించే పెద్ద పెద్ద రాతి కట్టడాలు వాళ్ల బలిపీఠాలని అందులో రాశాడు. ఆ రాతి కట్టడాలు డ్రూయిడ్ల కన్నా వేల ఏళ్ల ముందటి సమాధులని ఇవాళ అందరికీ తెలుసు. అయినా ఆయన పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆ డ్రూయిడ్లే.

ఆయన రాసిందే ఇంకోటి ఉంది, లాటిన్‌లో, 'ఆంటిక్విటాటెస్ పరోకియాలెస్' అని. తన చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర అది. ఏ భూమి ఎవరిది, ఏ కుటుంబానికి ఎలా వచ్చింది అన్న వివరాల కోసం పాత దస్తావేజులు చూసి రాసిన రచన. ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1840ల్లో 'ఆర్కియోలాజియా కాంబ్రెన్సిస్' పత్రిక మొదలయ్యాక గానీ బయటికి రాలేదు. ఊహలతో నిండిన పుస్తకానికి కీర్తి, కాగితాలు చూసి రాసిన పుస్తకానికి వందేళ్లకు పైగా చీకటి. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది.

ఈ పని పాస్టర్లే ఎందుకు చేశారంటే కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. కోర్టు రికార్డులు, 1650ల్లో కొన్నేళ్లు తప్ప, 1733 దాకా లాటిన్‌లోనే ఉండేవి. పల్లెలో ఆ భాష చదవగలిగేవాడు చాలాచోట్ల పాస్టర్ ఒక్కడే. చర్చి మాన్యం సరిహద్దులు రాసి బిషప్‌కి పంపాలి, దశమభాగం, అంటే చర్చికి ఇవ్వాల్సిన పదో వంతు, ఏ పొలం నుంచి ఎంత రావాలో తెలిసుండాలి. వీలునామాలు 1858 దాకా చర్చి కోర్టుల్లోనే రుజువయ్యేవి. అంటే భూమి లెక్క ఆయన ఉద్యోగంలో భాగం. పైగా జమీందారు ఇంట్లో భోజనానికి పిలుపు ఉంటుంది, అక్కడి కాగితాల పెట్టె తెరిచి చూసే చనువు ఉంటుంది.

ఇంతకీ ఆ పెట్టెల్లో ఏముందంటారా? ఒక్క 'తీర్ ప్రీద్' సంగతి చెబితే చాలు. పాత వెల్ష్ చట్టంలో వంశపారంపర్య భూమిని బయటివాళ్లకు అమ్మే హక్కు రైతుకు లేదు. అది కొడుకులందరికీ సమానంగా పంచాల్సిన ఆస్తి. 1284లో ఇంగ్లండ్ రాజు వేల్స్‌ను గెలిచి కొత్త చట్టం పెట్టినప్పుడు కూడా ఈ పంపకాల పద్ధతి అలాగే ఉంచాడు. అమ్మకం కుదరదు కాబట్టి అవసరం వచ్చిన రైతు స్వాధీన తనఖా పెట్టేవాడు, అంటే అప్పు తీరేదాకా పొలం అప్పిచ్చినవాడి చేతిలో ఉంటుంది. దాన్నే తీర్ ప్రీద్ అనేవారు. మామూలుగా గడువు నాలుగేళ్లు. బాకీ తీర్చకపోతే ఇంకో నాలుగేళ్లు, ఆ తర్వాత మరో నాలుగేళ్లు, తీర్చేదాకా అలా సాగుతూనే ఉంటుంది. కాగితం మీద రైతు హక్కు పోలేదు, పొలం మాత్రం తిరిగి రాలేదు. వేల్స్‌లో పెద్ద ఎస్టేట్లు చాలా వరకు ఇలాంటి చిన్న చిన్న ముక్కలు కలిపి కట్టినవే. కవులు ఆ ఎస్టేట్ దొరల దానగుణాన్ని పొగిడారు. ఆ దానం ఎవరి పొలం మీద పండిందో చెప్పేది ఈ తనఖా పత్రాలే.

పేర్ల విషయం నన్ను ఇంకా ఎక్కువగా కదిలిస్తుంది. అప్పట్లో వెల్ష్ వాళ్లకు ఇంటిపేరు లేదు. దావీద్ అప్ ఇయెవన్ అప్ గ్రిఫిత్ అంటే గ్రిఫిత్ కొడుకు ఇయెవన్, అతని కొడుకు దావీద్. కూతురైతే 'అప్' బదులు 'వెర్చ్'. ఒక్క సంతకం దగ్గర మూడు తరాలు నిలబడి ఉంటాయి. చెక్కుబందీలో తూర్పున ఎవరి పొలం, పడమర ఏ వాగు అని రాసి ఉంటే ఇరుగుపొరుగు కూడా తెలిసిపోతుంది. వీళ్ల గురించి ఏ కవీ పాడలేదు, ఏ రాతి మీదా చెక్కలేదు.

కోర్టు రికార్డులూ అంతే. 1543 నుంచి 1830 దాకా వేల్స్‌కు 'గ్రేట్ సెషన్స్' అని సొంత కోర్టులు ఉండేవి. వాటిలో వ్యవహారమంతా పరాయి భాషలోనే. కానీ పరువునష్టం దావా వేస్తే, తిట్టిన మాట తిట్టినట్టే రాయాలి కాబట్టి, లాటిన్ మధ్యలో అచ్చమైన పల్లె వెల్ష్ దొరుకుతుంది. 1594లో మంత్రగత్తె అని డెన్‌బీలో ఉరి తీసిన గ్వెన్ వెర్చ్ ఎల్లిస్ గురించి ఇవాళ మనకు తెలుస్తోందంటే ఈ కోర్టు కాగితాల వల్లే. సంస్కృత పండితుడిగా మనకు బాగా తెలిసిన సర్ విలియం జోన్స్ కూడా ఈ కోర్టుల్లోనే, కార్మార్థెన్ సర్క్యూట్‌లో వకీలుగా తిరిగి, ఆ తర్వాతే 1783లో జడ్జిగా కలకత్తా వచ్చాడు.

పాస్టర్లు జమీందార్ల స్నేహితులు, కాబట్టి దొరలు దాచినవే వాళ్లకు దొరికాయి అనేవాళ్లున్నారు. నిజమే. ఒక కట్టలోంచి నచ్చిన కాగితం లాగేస్తే మిగతా కట్టతో దాని సంబంధం తెగిపోతుందన్నదీ నిజమే. కానీ వాళ్ల చేతికి రానివి ఏమయ్యాయో చూడండి. 1858లో విన్‌స్టే అనే వేల్స్ జమీందారీ భవనం కాలిపోతే అక్కడి వ్రాతప్రతులు బూడిదయ్యాయి. 1925లో కొత్త ఆస్తి చట్టం వచ్చాక, హక్కు రుజువుకి 30 ఏళ్ల కాగితాలు చూపిస్తే చాలన్నారు. అంతే, ఇంగ్లండ్‌లోనూ వేల్స్‌లోనూ లాయర్ ఆఫీసులు పాత తోలు దస్తావేజుల్ని వదిలించుకున్నాయి. కొన్నిటిని దీపాల షేడ్లుగా కత్తిరించి అమ్మారు! 300 ఏళ్ల నాటి రైతు పేరు ఎవరి హాల్లోనో బల్బు వేడికి మాడిపోయింది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మిగిలినవాటిలో చాలా భాగం అబెరిస్ట్‌విత్‌లో, 1907లో ఏర్పడిన వేల్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. 1858కి ముందటి వీలునామాలు 1,90,000కు పైగా స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. ఎంత మంచి పని! ఎస్టేట్ కట్టలకూ అలాంటి గౌరవం దక్కాలని నా కోరిక. కేటలాగ్‌లో సేకరించిన పెద్దమనిషి పేరుతో ఆగకుండా, ఆ పత్రాల్లో ఉన్న కౌలుదార్ల పేర్లు, పొలాల పేర్లు కూడా వెతికితే దొరకాలి.

యూకేలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడి పాత సామాన్ల షాపుల్లో, ఆన్‌లైన్ వేలాల్లో లక్క ముద్రలున్న తోలు దస్తావేజులు ఇప్పటికీ అమ్ముతుంటారు. అందంగా ఉందని కొని ఫ్రేమ్ కట్టించే ముందు, రెండు వైపులా ఫోటో తీసి ఆ కౌంటీ ఆర్కైవ్స్‌కి ఈమెయిల్ చేయండి. వాళ్ల దగ్గరున్న కట్టలో లేని కాగితం అదే కావచ్చు. అడిగితే ఇచ్చేయండి.