అలారం పెట్టుకుని సోర్‌డో చేసేవాళ్లకి

సోర్‌డో అంటే ప్యాకెట్ ఈస్ట్ వేయకుండా, ఇంట్లోనే పులియబెట్టిన పిండితో పొంగించే బ్రెడ్. ఆ పులిసిన పిండినే స్టార్టర్ అంటారు. "7 రోజుల్లో స్టార్టర్ రెడీ" అని చెప్పే వీడియో ఎక్కడ కనిపించినా ఒళ్లు మండిపోతోంది. ఆ మాట నమ్మే, బతికున్న స్టార్టర్‌ని రెండుసార్లు పారబోశాను.

గాజు సీసాలో 50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల నీళ్లు కలిపి పెట్టాను. రెండో రోజుకే సీసా అంచుదాకా పొంగింది. ఇంట్లో అందరికీ చూపించి మురిసిపోయాను. నాలుగో రోజు చూస్తే చలనం లేదు. పైన నీళ్లు తేలాయి, మూత తీస్తే ముక్కు మూసుకునేంత కంపు. చచ్చిందనుకుని పారేశాను. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే కథ.

తర్వాత తెలిసిందేమిటంటే, మొదట్లో వచ్చే ఆ పొంగు ఈస్ట్‌ది కాదట. పిండిలో ఉండే వేరే బ్యాక్టీరియా గ్యాస్ వదలడం వల్ల వచ్చేది. పులుపు పెరిగేకొద్దీ అవి అణిగిపోతాయి. ఆ పులుపుని తట్టుకునే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా, ఈస్ట్ మెల్లగా పుంజుకుంటాయి. ఈ మధ్యలో కొన్ని రోజులు సీసా ఉలకదు, పలకదు. సరిగ్గా అప్పుడే నేను దాన్ని సింక్‌లో పోశాను! మూడోసారి మొండికేసి, రోజూ కొంచెం ఉంచి మిగతాది తీసేస్తూ, కొత్త పిండి, నీళ్లు కలుపుతూ పోయాను. పన్నెండో రోజు సాయంత్రానికి సీసాకి గుర్తుగా వేసిన రబ్బరు బ్యాండు దాటి రెట్టింపు అయింది. కంపు పోయి పండిన ఆపిల్‌లాంటి పుల్లటి వాసన వచ్చింది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పడానికి ఆ వీడియోలవాళ్లకేం పోయిందో.

ఇక స్టార్టర్ కలిపిన బ్రెడ్ పిండిని పులియబెట్టడం. "4 గంటలు ఉంచండి" అంటారు. ఏ గదిలో, ఎంత వేడిలో? 25 డిగ్రీల దగ్గర 5, 6 గంటలు పట్టేది, 30 డిగ్రీలుంటే చాలా ముందే అయిపోతుంది. కలిపిన స్టార్టర్ ఎంతన్నదీ లెక్కే. నేను బుద్ధిగా అలారం పెట్టుకున్నాను. అది మోగేసరికి ముద్ద ముద్దలా లేదు, వేళ్లకి బంకలా చుట్టుకుని గిన్నె నుంచి జారిపోయింది. కాల్చితే పలక వచ్చింది. ఇప్పుడు అలారం మానేశాను. పిండి సగం మేర పెరిగిందా, అంచుల్లో బుడగలు కనిపిస్తున్నాయా, గిన్నె కదిపితే ముద్ద వణుకుతోందా, అంతే చూస్తాను.

అన్నట్టు, లోపల పెద్ద పెద్ద కన్నాలుంటేనే గొప్ప బ్రెడ్ అనడం కూడా నాకు నచ్చదు. వెన్న రాస్తే కన్నంలోంచి చేతిలోకి కారుతుంది. అలాంటి కన్నాల ఫొటోల కోసం కొత్తవాళ్లు పిండి బరువులో 80 శాతం నీళ్లు పోసి ఏడుస్తున్నారు. 65, 70 శాతం నీళ్లు, 2 శాతం ఉప్పు చాలు.

మొన్నటి బ్రెడ్ మాత్రం బాగా కుదిరింది. మూత ఉన్న బరువైన ఇనుప గిన్నెలో, 240 డిగ్రీల దగ్గర మూతపెట్టి 20 నిమిషాలు, మూత తీసి ఇంకో 20. బయటికి తీయగానే పైపెచ్చు చిటచిటమని పగులుతున్న చప్పుడు! కనీసం గంట చల్లారాకే కోయాలి, లేకపోతే లోపల జిగురుగా ఉంటుంది. ఆ సంగతి నాకూ తెలుసు. పావుగంట ఆగాను. మధ్యలో జిగురుగానే ఉంది, అందరం నిలబడే తినేశాం.